ముప్పై అడుగుల ఇనప పట్టీ

ఊరిగాం,
1959 జనవరి 18.

బావగారు శ్రీరామప్ప గారికి పిల్లప్ప వందనాలు.

బావా, ఒక్క మాట అడుగుతాను, చుట్టూ తిప్పకుండా జవాబు చెప్పండి. పరిశుద్ధ వాక్యంలో రాసిన అంకె తప్పా, మీ బడిలో నల్లబల్ల మీద రాసిన అంకె తప్పా? రెండూ ఒప్పు కావడానికి వీల్లేదు. ఒకటి పడాలి. ఏది పడాలో తేల్చి చెప్పి, ఆ తర్వాత నా పట్టీల మీద కోప్పడండి.

మీ కార్డు నిన్న అందింది. ఇంత కార్డు మీద రెండే ముక్కలు: "పట్టీలు పొట్టి. దేంతో కొలిచినావు, నోటితోనా?" పోస్టుమాను చదివి మరీ ఇచ్చాడు. వాడి ముసిముసి నవ్వు చూడాలి.

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చాక కంపెనీ వాళ్లు బాయిలర్ షెడ్డు పక్కనున్న పాత నీళ్ల తొట్టి విప్పి పారేస్తుంటే, ఆ టేకు పలకలు మా అక్క ఊరికి కావాలని ఆఫీసు గుమ్మంలో నిలబడి అడిగింది ఎవరు? నేను. వాటిని లారీ మీద మీ పల్లె దాకా చేర్చింది ఎవరు? నేనే. పాత పట్టీలు తుప్పుపట్టి పొడి రాలిపోయాయి, పలకల చుట్టూ బిగించడానికి కొత్తవి ఐదు కొట్టించి పంపమని మీరు రాశారు. "తొట్టి అడ్డం పది అడుగులు" అని మాత్రం రాశారు. చుట్టుకొలత రాయలేదు. ఎందుకు రాయలేదు? వీడికి తెలిసే ఉంటుందిలే అనుకున్నారు. నాకు తెలుసు. దేవాలయం కట్టించిన ఆ జ్ఞాని రాజు కంచుతో పెద్ద నీళ్ల తొట్టి పోత పోయించాడు. ఈ అంచు నుంచి ఆ అంచుకు పది మూరలు, చుట్టూ నూలు పట్టి చూస్తే ముప్పై మూరలు. బైబిలు వాక్యంలో ఉంది. పదికి ముప్పై. మూరకు బదులు అడుగు, అంతే కదా తేడా?

వర్క్‌షాపులో కమ్మరి మునియప్ప కూడా గొణిగాడు. "అన్నా, ముప్పై చాలదేమో. చుట్టు అంటే మూడింతల మీద ఇంగా రవంత పోతాది" అన్నాడు. "నీ సుత్తి పెద్దదా, వాక్యం పెద్దదా?" అన్నాను. ముప్పైకే కొట్టి ఇచ్చాడు.

కాబట్టి పలకలు సరిగా నిలబెట్టండి. తప్పు ఇనుములో లేదు. పోయిన వేసవిలో అక్క క్వారీ గుంట మెట్ల మీద బిందెతో జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఈ వేసవి ఆమె ఆ గుంటలోకి దిగకూడదు. తొట్టి నిలబడితేనే తాలూకా వాళ్లు వారానికి రెండు మార్లు నీళ్ల లారీ పంపుతామన్నారని మీరే రాశారు. నిలబెట్టండి.

ప్రభువు సేవలో,
పిల్లప్ప

*

గుట్టకిందపల్లె,
బూదికోట పోస్టు,
జనవరి 25.

పిల్లప్పకు ఆశీస్సులు.

అడిగావు గనుక చెబుతున్నాను. పడాల్సింది వాక్యమూ కాదు, నల్లబల్లా కాదు. నువ్వు.

నీకు కార్డు రాసే ముందు ఆదివారం పల్లెలో ఉన్న మగవాళ్లంతా వచ్చారు. అరవై మూడు పలకలు గుండ్రంగా నిలబెట్టి, ఒక్కొక్కరు రెండేసి పలకలు కౌగిలించుకొని నిలబడ్డారు. వడ్రంగి చిన్నవెంకటప్ప నీ పట్టీ తెచ్చి చుట్టాడు. రెండు కొసలూ ఎదురెదురుగా వచ్చి ఆగిపోయాయి, కొట్లాడుకున్న అన్నదమ్ముల్లాగా. మధ్యలో ఖాళీ. వాడు ఆ ఖాళీలో మోచెయ్యి పెట్టి చూశాడు. సరిగ్గా మూరెడు. "అయ్యోరా, మీ బామ్మర్ది పట్టీ మూరెడు మింగేసినాడే" అన్నాడు. పలకలు పట్టుకున్న వాళ్లందరూ నవ్వారు. నవ్వితే పలకలు కదిలాయి. ఒకటి దొడ్డయ్య కాలి మీద పడింది. ఆయన బొటనవేలి గోరు లేచిపోయింది. ఆయన నీ పేరు అడిగి తెలుసుకున్నాడు.

ఒక్కో పలక అర అడుగు వెడల్పు. అరవై మూడు పలకలు. ముప్పై ఒకటిన్నర అడుగులు. నువ్వు వాక్యం తెరవాల్సిన పని లేదు, పలకలు లెక్కపెట్టినా సరిపోయేది. పోనీ లెక్కే కావాలంటే, గుండ్రంగా ఉన్నది ఏదైనా అడ్డాన్ని 3.14159265తో గుణిస్తే చుట్టు వస్తుంది. పదికి 31.4159265. నాలుగో తరగతి పిల్లలకు చెంబు, నూలు ఇచ్చి నేను చూపిస్తాను. నువ్వూ వచ్చి వాళ్ల పక్కన కూర్చో, చోటు ఉంది.

పట్టీలు తిప్పి పంపమంటావా, అతుకు వేయించి పంపుతావా? వెంటనే రాయి. మీ అక్క గుంటకు పోతూనే ఉంది. ఎడమ చేత్తో బిందె పట్టుకుంటోంది ఇప్పుడు.

శ్రీరామప్ప

*

ఊరిగాం,
ఫిబ్రవరి 3.

బావగారికి పిల్లప్ప వందనాలు.

మీ ఉత్తరం మా గిరిజమ్మ పైకి చదివింది. చదువుతూ దొడ్డయ్య బొటనవేలి దగ్గర నవ్వింది. నా ఇంట్లో నా భార్యే నవ్వితే నేను ఎవరికి చెప్పుకోవాలి?

పట్టీలు తిప్పి పంపకండి. ఇక్కడ ఇనుము లేదు. ఇదివరకు దొరలు ఉన్నప్పుడు మిగులు ముక్క అడిగితే తీసుకుపో అనేవాళ్లు. ఇప్పుడు మేకు కావాలన్నా మూడు సంతకాలు. ఉన్న ఇనుముతోనే పని జరగాలి.

మీ అంకె సంగతి నాకు ఒకటి చెప్పండి. 3.14159265 అని రాశారు. అక్కడితో అయిపోయిందా? మా గుడి పక్క బడిలో మాస్టారిని అడిగితే 3.14 అన్నాడు. మునియప్ప ఇరవై రెండును ఏడుతో భాగించమన్నాడు. ముగ్గురూ మూడు రకాలు. ఇంతకీ దాని తుది ఎక్కడ అని మాస్టారిని నిలదీశాను. తుది లేదట. ఎంత దూరం పోయినా ఇంకా ఉంటుందట. తుది లేనిది దేవుడు ఒక్కడే అని నేను ఇరవై ఏళ్లుగా బోధిస్తున్నాను. ఇప్పుడు మీరు ఇంకొకటి తెచ్చి పెట్టారు. సరే, తుది లేని అంకెతో మునియప్ప ఇనుము ఎక్కడ కొయ్యాలి? ఎక్కడో ఒక చోట సుత్తి ఆగాలి కదా. ఆ రాజుగారి మనిషి ముప్పై దగ్గర ఆగాడు. మీరు ఎనిమిదో అంకె దగ్గర ఆగారు. ఆగడంలో ఇద్దరూ ఒకటే. నన్నొక్కణ్ణే తిడతారెందుకు?

విశ్వాసం ఉంటే సముద్రం పాయలైంది. మూరెడు ఖాళీ మూసుకోదా? గట్టిగా బిగించండి. నా కోసం కాదు, అక్క కోసం.

పిల్లప్ప

*

గుట్టకిందపల్లె,
ఫిబ్రవరి 16.

పిల్లప్పకు,

పట్టీలు ఎక్కాయి. ఐదూ. బిగించాం. ఎలా ఎక్కాయని అడగకు.

తడి గోనెసంచులు కప్పి, గుంట నుంచి తెచ్చిన నీళ్లు చల్లుతూ వచ్చాం. పలకలు ఉబ్బి సందులు మూసుకున్నాయి. తాలూకాకు అర్జీ పెట్టాను. మూడువేల ఐదు వందల గ్యాలన్లకు తక్కువ పట్టే తొట్టికి లారీ పంపరట. నింపి కొలిచి చూపిద్దామంటే, నింపడానికి నీళ్లే ఉంటే తొట్టి ఎందుకు? కాబట్టి లెక్క వేసి పంపాను. మనది 3,568.86. లెక్క సుఖంగా తెగుతుందని, నిండాక నీళ్లు బయటికి పోయే పొర్లు రంధ్రం అడుగు నుంచి సరిగ్గా ఎనిమిది అడుగుల ఎత్తున పెట్టించాను. దానిపైన జానెడుకు మించి పలక ఊరికే నిలబడి ఉంది. చూడ్డానికి బాగాలేదు, ఉండనీ.

శ్రీరామప్ప

*

ఊరిగాం,
మార్చి 1.

బావగారికి, అక్కకు, పల్లెలో ఉన్న అందరికీ పిల్లప్ప సంతోష వందనాలు.

ఎలా ఎక్కాయని నేనెందుకు అడుగుతాను? నాకు తెలియనిదైతే కదా అడగాలి.

ఇప్పటిదాకా మీకు చెప్పలేదు గాని, జనవరిలో పట్టీలు పంపిన రోజే ప్రార్థన ఇంట్లో ఈ సంగతి చెప్పాను. వాక్యంలో ఉన్న కొలతకే తొట్టి కట్టిస్తున్నామని, చూడండి అని. మీ కార్డు వచ్చాక నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఆదివారం ఆదివారం ముందు వరుసలో కూర్చునే మునియప్ప ముఖం చూడలేక కళ్లు మూసుకొని బోధించాను. జనం ఇదేదో కొత్త భక్తి అనుకున్నారు.

ఇవాళ మీ ఉత్తరం చేతిలో పట్టుకొని నిలబడ్డాను. "పట్టీలు ఎక్కాయి, ఐదూ" అని చదివాను. రెండుసార్లు చదివాను. "పదికి ముప్పై సరిపోదన్నవాళ్లు ఎవరు? ముందుకు రండి" అన్నాను. ఎవరూ రాలేదు. మునియప్ప మాత్రం, "యాడో ఏందో ఉండాది అన్నా, ఇనుము సాగేది కాదు" అన్నాడు. "నీలాంటి వాళ్ల కోసమే అద్భుతాలు జరిగేది" అన్నాను.

బావా, ఇప్పుడైనా మీ చెంబు, నూలు పక్కన పెట్టండి. వచ్చే వారం ఆండర్సన్‌పేటలో వీధి కూడిక ఉంది. అక్కడ మైకు పెట్టి చెబుతాను. మీ పేరు కూడా చెబుతాను, నమ్మనివాడు నమ్మినట్టుగా.

పిల్లప్ప

*

గుట్టకిందపల్లె,
మార్చి 8.

తమ్ముడూ, నేను నాగరత్న రాస్తాండా. మీ బావ రాసేలోపల నేనే రాయాల అని కాగితం లాక్కొన్నా. మైకు గియికు పెట్టొద్దు. మూడు పలకలు తీసేసినారు. అరవై మూడులో మూడు. గొడ్ల కొట్టంలో ఉండాయి, పోయి చూసుకో కావాలంటే. ఒకదాని మీద దూడ పండుకోని ఉండాది. పట్టీ పెద్దది చేసేకి కాలేదు కాబట్టి తొట్టిని చిన్నది చేసినారు. నీ మనసు నొచ్చుకుంటాదని ఈయన చెప్పొద్దన్నాడు. నువ్వేమో ఊరంతా చాటుతాండావు. చిన్నప్పుడు నిన్ను చంకలో ఎత్తుకోని తిరిగినదాన్ని, నలుగురిలో నువ్వు నగుబాటు కావడం నాకు ఇష్టం లేదు. చెయ్యి పర్వాలేదు. రాసేది ఆ చేత్తోనే. ఇంగ మీ బావ రాస్తాడు.

పిల్లప్పా, మీ అక్క చెప్పేసింది కాబట్టి దాచడానికి ఏమీ లేదు.

నువ్వు ఇనుము లేదన్నావు. నాకు ఉన్నవి ఐదు పట్టీలు, ముప్పై అడుగులవి. పలకలు మూడు తీసి, అడుగున వేసే చెక్కలు చుట్టూ చెక్కించి, అరవై పలకలతో నిలబెట్టాను. అరవై అర అడుగులు, ముప్పై. పట్టీ చక్కగా కూర్చుంది. చిన్నవెంకటప్పకు పలకల అంచులు చిత్రిక పట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ వాడు నిన్ను ఏమన్నాడో రాయడానికి ఈ కాగితం చాలదు.

అయినా ఒకటి చెప్పాలి, చెప్పకపోతే నాకే తిండి సయించదు. ఇప్పుడు తొట్టి అడ్డం కొలిచాను. తొమ్మిదిన్నర దాటింది. 9.55. ఎవరైనా పట్నం నుంచి వచ్చి తొట్టి అడ్డం ఎంత అని అడిగితే ఏం చెబుతాను? పది అడుగులు అంటాను. చుట్టు ఎంత అంటే ముప్పై అంటాను. రెండూ అబద్ధాలు కావు. అరకు పైన ఉంటే పై అంకె, అరకు లోపల ఉంటే కింది అంకె, అది లోకం పద్ధతి. మీ రాజుగారి లేఖరి కూడా అదే చేసి ఉంటాడు. మూరల్లో రాసేవాడు, మూర ముక్కలు ఎందుకు రాస్తాడు? తొమ్మిదిన్నరకు పైమాట పది అయింది, ముప్పైకి అటూ ఇటూ ముప్పై అయింది. కాబట్టి నీ వాక్యం మీద నాకు ఫిర్యాదు లేదు. వాక్యం తప్పు కాదు, బడీ తప్పు కాదు. ఆ లేఖరి తొట్టిని చూసి అంకె రాశాడు. నువ్వు అంకెను చూసి తొట్టి చేయించావు.

నయాపైసలు వచ్చినప్పటి నుంచి చూస్తున్నావు కదా. అణాకు ఆరుంపావు రావాలి. పావు నయాపైస లేదు గనుక అంగడివాడు చిల్లర ఇచ్చేటప్పుడు ఆరంటాడు, తీసుకునేటప్పుడు ఏడంటాడు. గుండ్రం చెయ్యడం పాపం కాదు. మిగిలిన ముక్క ఎవరి వైపు పడిందో చూసుకోకపోవడమే తప్పు. నీ పట్టీలో మూరెడు ముక్క ఇనుము వైపు పడింది. నాకు మూడు పలకలు పోయాయి.

మైకు వద్దు.

శ్రీరామప్ప

*

ఊరిగాం,
మార్చి 16.

బావగారికి,

మైకు పెట్టలేదు. కూడికే వద్దన్నాను. గొంతు పట్టేసిందని చెప్పాను. ఆ అబద్ధానికి శిక్షగా మూడు రోజులకు నిజంగానే పట్టేసింది.

నిన్న ప్రార్థన ఇంట్లో లేచి నిలబడి చెప్పాను. పట్టీ వాక్యంతో ఎక్కలేదు, మూడు పలకలు తీస్తే ఎక్కింది అన్నాను. జనం పాటల పుస్తకంలో తర్వాతి పాట వెతుక్కున్నారు. అదే ఎక్కువ బాధ. కూడిక అయ్యాక మునియప్ప పక్కన నడుస్తూ, "మూడింటి మీద రవంత అంటే యిన్లేదు నువ్వు" అన్నాడు. "విన్నాను, వినపడలేదు" అన్నాను. వాడు టీ ఇప్పించాడు. నాకు ఆ టీ ఎంత చేదుగా ఉందో దేవునికే తెలుసు.

ఆ లేఖరి గురించి మీరు రాసింది పదిసార్లు చదివాను. ఒక పక్క సంతోషం, ఒక పక్క మంట. వాక్యాన్ని కాపాడింది నేను కాదు, గుడి మెట్టు ఎక్కని మీరు. అదీ నన్ను తిడుతూ. ఇలాంటి సాక్ష్యం ఏ బోధకుడికి కావాలి?

అయితే బావా, నాకూ ఒక మాట అనే హక్కు ఉంది. 3,568.86 అని తాలూకాకు రాశారు. ఆ ఎనభై ఆరు ఎవరి కోసం? గ్యాలనులో నూరో వంతు అంటే గిరిజమ్మ తాలింపులో పోసే నూనె. మీ తొట్టి ఎండకు ఒక పూటలో అంతకు నూరింతలు తాగుతుంది. గుండ్రం చెయ్యడం తప్పు కాదని నాకు చెప్పి, మీరు మాత్రం ఒక్క చుక్క వదలరు. సర్కారు ముందు గొప్పకు కాకపోతే ఏమిటది?

చెంబు, నూలు పరీక్ష నేనూ చేస్తాను. నాలుగో తరగతి పిల్లల పక్కన కాదు, ఇంట్లో.

పిల్లప్ప

*

గుట్టకిందపల్లె,
మార్చి 29.

పిల్లప్పకు,

గొప్పకు కాదు. ఎంత లోతుకు లెక్క వేస్తే అంత నిజం. నువ్వు ముప్పై దగ్గర ఆగి ఏం సాధించావో పల్లెలో దొడ్డయ్యను అడుగు.

శుక్రవారం, ఏప్రిల్ మూడున, తాలూకా ఇంజనీరు వస్తాడు. కర్రతో లోపల కొలిచి చూస్తాడట. మనకు సరిపోతే ఆ సాయంత్రమే లారీ. తక్కువైతే దిన్నె అవతలి పల్లెలో సిమెంటు తొట్టి ఉంది, ఈ వేసవికి లారీ వాళ్లకు. రెండు పల్లెలకు ఇచ్చేది లేదట. నాకు భయం లేదు. అరవై ఎనిమిది గ్యాలన్లు ఎక్కువే ఉంది, ఆపైన నువ్వు వెక్కిరించిన ఆ ఎనభై ఆరు. కొలవనీ.

గుంటలో నీళ్లు అడుగంటాయి. మీ అక్క ఇప్పుడు ఆఖరి మెట్టు దిగి, బురదలోకి చెంబుతో తోడుతోంది. నేను పోతానంటే, మగవాడు బిందె మోస్తే ఊరు నవ్వుతుందని పోనివ్వదు. శుక్రవారంతో తీరిపోతుంది.

శ్రీరామప్ప

*

ఊరిగాం,
ఏప్రిల్ 2, గురువారం పొద్దున.

బావా,

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. బూదికోట బస్సు కండక్టరు చెన్నప్ప చేతికి ఇచ్చి పంపుతున్నాను. అతను ఇచ్చిన చోటే నిలబడి చదవండి. కూర్చోకండి.

మీ లెక్క తప్పు.

పద్ధతి తప్పు కాదు. మీ 3.14159265 తప్పు కాదు. కొలత తప్పు. నిన్న సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి, నూలు పరీక్షకు గిరిజమ్మ రోలు పట్టుకున్నాను. రోలు చుట్టూ నూలు తిప్పి, అడ్డం కొలిచి, భాగించి, మూడింటి మీద రవంత వచ్చిందని సంతోషపడుతూ కూర్చున్నాను. ఆమెకు పచ్చడి నూరుకోవాలి. "లెయ్ సామీ, ఎంతసేపు ఆ రోలును కౌగిలించుకోని కూర్చుంటావు? బయట ఎంత లావుంటే ఏంది, లోపల పట్టేది నాలుగు మిరపకాయలే" అని విసుక్కుంది.

నేను లేవలేదు. రోలు లోపలికి చెయ్యి పెట్టి చూశాను.

బావా, మీరు చుట్టు ముప్పై అని దేన్ని పట్టుకున్నారు? నా పట్టీని. పట్టీ ఎక్కడ ఉంది? పలకల బయట. నీళ్లు ఎక్కడ ఉంటాయి? లోపల. పలక మందం రెండు అంగుళాలు. లారీకి ఎక్కించేటప్పుడు ఒక్కొక్కటీ నా భుజం మీద మోశాను, మందం బొటనవేలితో కొలిచాను, నాకు తెలుసు. ఇటు రెండు, అటు రెండు, అడ్డంలో నాలుగు అంగుళాలు కొయ్యే మింగేసింది. ఎనిమిది దశాంశాల దాకా పోయారు, కొయ్య మందం దగ్గర ఆగలేదు.

వాక్యం తెరిచాను. పది మూరలు, ముప్పై మూరలు అని ఇన్నేళ్లూ బోధించాను కదా. ఆ కిందనే, రెండు వాక్యాల తర్వాత, ఆ తొట్టి మందం బెత్తెడు అని రాసి ఉంది. అంచు పువ్వులా విచ్చుకొని ఉందని కూడా ఉంది. నేను ఏనాడూ అంత దూరం చదివి వినిపించలేదు. ముప్పై దగ్గరే ఆగి జనాన్ని లేపేవాణ్ణి. మనం ఇద్దరం ఒకే చోట తప్పిపోయాం. నేను చదవకుండా, మీరు గుణిస్తూ.

ఇరవై రెండును ఏడుతో వేసుకొని లెక్క చేశాను. మాస్టారు పక్కన కూర్చుని సరిచూశాడు. లోపలి అడ్డం తొమ్మిది అడుగుల రెండున్నర అంగుళాలు. ఎనిమిది అడుగుల ఎత్తుకు మూడువేల మూడు వందల ఇరవై గ్యాలన్లు, ఐదో పదో అటూ ఇటూ. ఆ అటూ ఇటూ గురించి నాతో కొట్లాడకండి. నూటా ఎనభై తక్కువ. ఇది చుక్కల సంగతి కాదు. రేపు ఆ ఇంజనీరు కర్ర లోపల పెడతాడు. లారీ దిన్నె అవతలికి పోతుంది.

ఆయన్ను మాటల్లో పెట్టి బయటినుంచి కొలిపిద్దామని మాత్రం అనుకోకండి. మీకు ఆ బుద్ధి లేదని తెలుసు, పల్లెలో ఎవరో ఒకరు సలహా ఇస్తారు. దొంగ కొలత దేవునికి అసహ్యం. ఆ నీళ్లు అక్క నోటికి పోకూడదు.

దారి ఉంది. మీరే రాశారు, వికారంగా ఉందని. పొర్లు రంధ్రం పైన జానెడుకు మించి పలక ఊరికే నిలబడి ఉంది. లెక్క సుఖంగా తెగడానికి ఎనిమిది దగ్గర రంధ్రం పెట్టారు. ఎనిమిదిని గుండ్రం చేసింది మీరు, బావా. నన్ను ముప్పైకి తిట్టిన మీరే. తొట్టి ఆ ఎనిమిది దగ్గర అయిపోలేదు, ఇంకా పైకి ఉంది. ఆ రంధ్రానికి టేకు బిరడా కొట్టి మూసేయండి. పైన కొత్తది వేయించండి. ఒక్కో అంగుళానికి ముప్పై నాలుగు, ముప్పై ఐదు గ్యాలన్లు పెరుగుతాయి. ఆరు అంగుళాలు పెంచితే లెక్క దాటుతుంది. ఏడు పెంచండి. మీ కర్ర, నా బొటనవేలు, తడికి ఉబ్బిన కొయ్య, ఏడుతో భాగించిన ఇరవై రెండు, ఇవన్నీ తలా కొంచెం తప్పుతాయి. ఆ ముక్కలన్నీ ఈసారి నీళ్ల వైపు పడనీయండి.

పై పట్టీ మీద మాత్రం రంధ్రం తొలిచే బరమా పడకుండా చూసుకోండి. అది ముప్పై అడుగులదే, నా దగ్గర ఇంకొకటి లేదు.

అర్జీలో రాసిన 3,568.86 గురించి ఇంజనీరు అడిగితే, బయట కొలిచాను, తప్పు నాది, ఇప్పుడు లోపల కొలవండి అనండి. నేను ప్రార్థన ఇంట్లో నిలబడి చెప్పినప్పుడు చచ్చిపోలేదు. మీరూ చచ్చిపోరు. టీ చేదుగా ఉంటుంది, అంతే.

చెన్నప్ప హారను కొడుతున్నాడు, సంతకానికి తీరిక లేదు. అక్క బిందె పట్టుకొని గుంటకు బయలుదేరి ఉంటే వెనక్కి పిలవండి, పల్లె నవ్వితే నవ్వనీ, ఇవాళ మీరు పోండి. ముందు చిన్నవెంకటప్పను లేపండి. అన్నం తింటున్నా లేపండి, నన్ను తిడితే తిట్టనీయండి. రేపు పొద్దున అని మాత్రం అనకండి. రేపు పొద్దున ఆ కర్ర వస్తుంది. బరమా తీయండి, నిచ్చెన వేయండి, ఏడు అంగుళాలు పైకి గుర్తు పెట్టండి. ఇవాళే, ఈ పూటే, ఉత్తరం మడవక ముందే.